చేతిలో ఒకటి

పోయిన ఆదివారం విశాఖపట్నం మధురవాడలో మా చిన్నమ్మాయి ఫ్లాటుకు వెళ్లాను. బాల్కనీలో తను పెంచుతున్న దొండపాదు గ్రిల్లంతా అల్లుకుని పక్కవాళ్ల ఏసీ పెట్టె మీదికి పాకింది. వాళ్లు నోరు తెరవకముందే కత్తిరించాలని ఆ పని నాకు పురమాయించింది. కత్తెర దొరకలేదు. చేత్తోనే తుంపుతూ పోయాను. పది నిమిషాలకు అరచేతులు పచ్చబడ్డాయి. చెమట తుడుచుకుందామని చెయ్యి ముఖం దగ్గరికి తెచ్చేసరికి ఆ వాసన తగిలింది. అది కూర వాసన కాదు. దొండకాయ కూరకూ దొండాకు పసరుకూ చుట్టరికమే లేదు. పచ్చిగా, వగరుగా, తడి బొగ్గు తోడైతే తప్ప పూర్తికాని వాసన అది. ఆ బొగ్గును నా ముక్కు తనంతట తానే కలుపుకుంది.

"చేతులు కడుక్కో నాన్నా, టిఫిను చల్లారిపోతోంది" అని అమ్మాయి రెండుసార్లు పిలిచింది. మధ్యాహ్నం దాకా కడుక్కోలేదు.

* * *

బొగ్గుపొడిలో దొండాకు పసరు కలిపి రుద్దితే పలక నిగనిగలాడుతుందని నా వయసు వాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. చెంగల్రావుపేటలో మేము అద్దెకున్న ఇంటి అరుగు మీద ఉన్నది మాత్రం పలక కాదు, నల్లబల్ల. ఓడలో సరుకు కింద పరిచే చెక్కలను వేలంలో కొనుక్కునే వడ్రంగి ఒకాయన ఉండేవాడు. అతని దగ్గర రెండు చెక్కలు కొని ఒకదానికొకటి అతికించాను. నడిమి అతుకు దగ్గర సుద్దముక్క ప్రతిసారీ ఎగిరిపడేది. అందుకని మా పిల్లలు రాసే ఎనిమిదికి నడుము దగ్గర ఎప్పుడూ చిన్న ఎముక విరిగినట్టు ఉండేది.

శనివారం సాయంత్రం ఆ బల్లకు తలంటు. ఒకరు బొగ్గు నూరాలి, ఒకరు ఆకులు నలపాలి, ఒకరు గుడ్డముక్కతో పైనుంచి కిందికి రుద్దాలి. అడ్డంగా రుద్దకూడదు, చారలు పడతాయి. ఆకులు తెచ్చినవాళ్లకు ఆ పూట ఎక్కాలు మాఫీ. దాంతో మా వీధిలో ఒక్క దొండపాదూ క్షేమంగా ఉండేది కాదు. ఒకరోజు ఎదురింటి పంతులుగారి భార్య వచ్చి, "మీ దగ్గర చదువుకున్నవాళ్లు ఏమవుతారో తెలియదు గానీ మా పాదుకు మాత్రం మోక్షం వచ్చింది" అని మా ఆవిడతో అన్నారు.

ఆ అరుగు మీద కూర్చుంటే వినపడనిది లేదు. తెల్లవారుజామున ఒక కొండ మీద నుంచి సుప్రభాతం, ఇంకో కొండ నుంచి అజాను, మూడో కొండ మీది చర్చి గంట. సాయంత్రం షిఫ్టు మారేవేళ షిప్‌యార్డు కూత. గాలి మళ్లిన రోజుల్లో ఎండుచేపల వాసన, హార్బరు వైపు నుంచి ఖనిజం ధూళి. బైలదిల్లా నుంచి రైళ్లలో దిగి జపానుకు వెళ్లే ఇనుప ఖనిజం వెళ్తూ వెళ్తూ మా అరుగుల మీద ఎర్రగా తన వాటా వదిలిపోయేది. ఆ దుమ్ము మీద వేలితో రాసి చూపించడం నేను ఎంచుకున్న పద్ధతి కాదు, బల్ల తడిగా ఉన్నప్పుడు గత్యంతరం లేక మొదలైంది.

* * *

నేను మాస్టారిని కాదు. కావాలనుకున్నాను, కాలేదు. అదంతా ఇక్కడ అనవసరం. పోర్టులో టాలీ క్లర్కుగా చేరాను. ఓడలోంచి క్రేను దించే ప్రతి స్లింగులో ఎన్ని బస్తాలున్నాయో లెక్కపెట్టి గీతలు గీయడం నా పని. నాలుగు నిలువు గీతలు, ఐదోది వాటి మీదుగా ఏటవాలుగా. ఎరువులైనా చక్కెరైనా నాకు కనిపించేవి గీతలే. షిఫ్టు చివర ఓడ పక్షం కాగితమూ మా కాగితమూ సరిపోవాలి. సరిపోతే ఎవరూ ఏమీ అనరు. ఒక్క బస్తా తేడా వస్తే అందరూ అంటారు. ముప్పై అయిదేళ్లలో కొన్ని లక్షల బస్తాలు లెక్కపెట్టి ఉంటాను. వాటిలో ఒక్కటి కూడా నాకు గుర్తులేదు.

అరుగు మీది బడి ఏ సేవాభావంతోనూ మొదలుకాలేదు. ఒక తగాదాతో మొదలైంది.

మా వీధికి గంపలో చేపలు తెచ్చే మామ్మ ఉండేది. కవళ్లు, కానాగంతలు, దొరికిన రోజున చందువలు. మాకు అరువు ఖాతా. రూపాయికి ఒక గీత చొప్పున మా గుమ్మం కమ్మీ మీద బొగ్గుతో గీసేది. నాలుగు గీతలు, కొంచెం ఖాళీ, మళ్లీ నాలుగు. ఒకరోజు నైట్ షిఫ్టు నుంచి నిద్రకళ్లతో వచ్చి, అలవాటు కొద్దీ ఆమె బొగ్గు తీసుకుని ఒక వరస మీద అడ్డగీత గీసేశాను.

మర్నాడు మామ్మ గంప దించి గుమ్మం ముందు నిలబడిపోయింది. "నా బాకీ కొట్టేశారేమిటి బాబూ? డబ్బు ఎప్పుడిచ్చారు?"

కొట్టేయలేదని, అది ఐదో గీత అని చెప్పాను. ఆమెకు నచ్చలేదు. "మేము పుంజీలతో లెక్కపెడతాం. నాలుగైతే పుంజీ. ఐదోది ఎక్కడి నుంచి వచ్చింది? అడ్డంగా గీస్తే తీరిపోయినట్టే కదా?" అంది. పోర్టు పద్ధతి చెప్పాను, ఓడల పేర్లు కూడా చెప్పాను. ఓడలు తనకు బాకీ లేవు కదా అంది.

గంప వెనక ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. తొమ్మిదేళ్లుంటాయి. గుమ్మం వైపు చూస్తూ మెల్లగా అన్నాడు: "మామ్మా, ఇక్కడ మన లెక్కకు ఏడు పుంజీలు. ఈయన లెక్కకు ఐదు కట్టలూ మూడూ. రెండూ ఒకటే."

నేను వేళ్ల మీద సరిచూసుకున్నాను. ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది. ఐదు అయిదులు ఇరవై అయిదు, మూడు. సరిపోయింది. షిఫ్టు చివర రెండు కాగితాలు కలిసినప్పుడు నాకెప్పుడూ ఒళ్లు గగుర్పొడవలేదు. ఆ రోజు గగుర్పొడిచింది.

"బడికి వెళ్తున్నావా?" అని అడిగాను.

"వెళ్లాను. మానేశాను."

"వాడికి అంకెలు వచ్చు బాబూ, అక్షరాలే రావు" అంది మామ్మ, కవళ్లు తూచినంత తేలిగ్గా.

మర్నాడు సాయంత్రం వాడు వచ్చాడు. వారం తిరిగేసరికి ఇద్దరు తోడయ్యారు. వానాకాలం ముగిసేసరికి పద్నాలుగు మంది. అరుగు చాలక కొందరు వీధిలో గోనెపట్టాల మీద కూర్చునేవాళ్లు. పైన కప్పు వేయిద్దామా అని ఒకసారి అంటే, ఒక ఆడపిల్ల చటుక్కున "కనకమహాలక్ష్మమ్మకే కప్పు లేదు మాస్టారూ, మనకెందుకు?" అంది. నిజమే, మాకు దగ్గరలోని బురుజుపేట అమ్మవారు ఆకాశం కిందే ఉంటుంది. మార్గశిర గురువారాల్లో మాకు బడి ఉండేది కాదు. సగం మంది దర్శనం వరసలో, మిగతా సగం ఆ వరస పక్కన పూలూ కొబ్బరికాయలూ అమ్ముతూ ఉండేవాళ్లు.

ఫీజు తీసుకోలేదు. దాన్ని త్యాగమని కొందరు మెచ్చుకునేవాళ్లు. అసలు సంగతి వేరే. ఫీజు తీసుకుంటే పాసు చేయించాలి. తీసుకోకపోతే నేర్పిస్తే చాలు. పైగా ఎండునెత్తళ్ల పొట్లాలు ఎలాగూ వచ్చేవి. మా ఆవిడ వాటిని కాదనలేక, నిలవ చేయలేక సతమతమయ్యేది. ఆ కసి మరమరాల ఉండల మీద తీర్చుకునేది. అంత గట్టి ఉండలు నేను ఎక్కడా తినలేదు. పిల్లలు వాటిని చప్పరిస్తూనే ఎక్కాలు చెప్పేవాళ్లు. పదమూడో ఎక్కం దగ్గర మాత్రం ఎప్పుడూ బండి ఆగిపోయేది. ఒకసారి "పదమూడు ఎనిమిదులు..." అని పద్నాలుగు గొంతులూ సాగదీస్తుంటే, సవారీతో పోతున్న రిక్షా అతను ఆగకుండానే "నూట నాలుగు!" అని కేకేసి మలుపు తిరిగిపోయాడు. అతని ముఖం కూడా చూడలేదు. మర్నాటి నుంచి పిల్లలు ఆ లెక్క దగ్గరికి రాగానే మలుపు వైపు చూసేవాళ్లు.

* * *

కూడికల్లో "చేతిలో ఒకటి" చెప్పే రోజు నాకు పండుగ. ఇరవై ఏడూ పద్దెనిమిదీ కూడాలి. ఏడూ ఎనిమిదీ పదిహేను. ఐదు రాసి, చేతిలో ఒకటి. అందరూ తల ఊపారు. కప్పు సంగతి చెప్పిన ఆ ఆడపిల్ల మాత్రం ఎడమ చెయ్యి పిడికిలి బిగించింది. పలక జారిపోతోంది, పట్టుకోవడానికి ఆ చెయ్యి వాడదు. మోకాలితో ఒత్తిపెట్టి రాస్తోంది.

"చెయ్యి తెరిచి పలక పట్టుకోవే" అన్నాను.

"ఒకటి పడిపోతుంది మాస్టారూ."

రెండూ ఒకటీ మూడు అని రాయబోయి ఆగి, పిడికిలిని పలక దగ్గరికి తెచ్చి, రెండు అంకె పైన మెల్లగా తెరిచింది. ఏదో పురుగును వదిలినట్టు. తర్వాత నాలుగు రాసింది. నలభై అయిదు. మిగతావాళ్లు నవ్వారు, నేను నవ్వలేదు. నాకు చిన్నప్పుడు ఆ ఒకటి ఎక్కడికి పోతుందో ఎవరూ ఇంత బాగా చూపించలేదు.

ఆ అమ్మాయి పదో తరగతి రాసిన ఏడు ఫలితాలు పేపర్లో పడ్డాయి. అప్పట్లో నంబర్లే వచ్చేవి. పూర్ణా మార్కెట్ దగ్గర పేపరు పరిచి, డబ్బులు తీసుకుని నంబరు వెతికిపెట్టేవాళ్లు ఉండేవారు. అంకెల వరసలు చూడటమే నా వృత్తి కనుక, నాలుగు వీధుల పిల్లల నంబర్లు నా చేతికే వచ్చేవి. ఆమె నంబరు రెండుసార్లు చదివాను, తప్పు చదువుతానేమోనని. వాళ్లమ్మ గంప పక్కన పెట్టి నా వేలి కింద ఉన్న ఆ అంకెలను తను కూడా వేలితో తడిమింది. తర్వాత మార్కుల కాగితం వచ్చింది. హిందీకి ఇరవై వస్తే చాలు, ఇరవై రెండు వచ్చాయి. "రెండు ఎక్కువ రాశావు, వృథా" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నాకే అప్పజెబుతుంది. నర్సుగా చేస్తోంది. మా ఇంటికి వస్తే బీపీ చూడందే వదలదు. ఆ రబ్బరు ఉండను ఎడమ పిడికిలిలో పట్టుకుని నొక్కుతుంటే నాకు నవ్వొస్తుంది, నవ్వితే అంకె తప్పు వస్తుందని కసురుతుంది.

* * *

నాకు తెలియనివి చాలా ఉండేవి. ఒకడు సముద్రం ఎందుకు నీలంగా ఉంటుందని అడిగాడు. ఆకాశం నీడ పడి అని చెప్పాను, మా బడిలో నాకు అలాగే చెప్పారు. వాడు ఒప్పుకోలేదు. "మా నాన్న తెప్ప మీద ఇరవై బారల లోతు దాటి వెళ్తాడు. మబ్బు పట్టినా అక్కడ నీళ్లు నీలంగానే ఉంటాయట" అన్నాడు. మీ నాన్నకు అలా అనిపించి ఉంటుంది అని సర్దిచెప్పాను.

కొన్ని నెలల తర్వాత లైబ్రరీలో ఒక వ్యాసం కంటపడింది. 1921లో ఇంగ్లండు ప్రయాణంలో సి.వి. రామన్ మధ్యధరా సముద్రపు నీలం చూసి, ఇదే ఆకాశం నీడ సంగతిని అనుమానించారట. ఉపరితలం మీది ఆకాశపు మెరుపును పట్టకంతో అడ్డుకుని చూసినా నీలం పోలేదు. నీటి అణువులే వెలుగును చెదరగొడుతున్నాయని ఆయన తేల్చారు. నీరు ఎరుపును పీల్చుకోవడం కూడా అందులో పెద్ద భాగమేనని నేను ఇంకా చాలా ఏళ్లకు గానీ చదవలేదు. ఆ సాయంత్రం మాత్రం అరుగు మీద నిలబడి, "మొన్న నేను చెప్పింది తప్పు, వీళ్ల నాన్న చెప్పిందే ఒప్పు" అన్నాను. ఆ కుర్రాడు ఆనందిస్తాడనుకున్నాను. "నాకు ముందే తెలుసు" అని మరమరాల ఉండ కొరికాడు.

రామన్ మన ఊళ్లోనే పెరిగారని, ఆయన తండ్రి ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పారని, కొడుకు ఇక్కడికి దగ్గరలోని సెయింట్ అలోషియస్ బడిలో చదివి పదకొండేళ్లకే మెట్రిక్ పాసయ్యారని కూడా చెప్పాను. 1930లో నోబెల్ వచ్చిందన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి వెనక వరసలోంచి ఒక గొంతు: "పదకొండేళ్లకా? అయితే ఆయన వేటకు వెళ్లి ఉండరు మాస్టారూ."

అది కొంటెతనం కాదు, లెక్క. ఆ వరసలో కూర్చున్నవాళ్లలో సగం మంది తెల్లవారుజామున మూడింటికి వల సర్దినవాళ్లే. కూర్చున్న చోటే తూలిపోయేవాళ్లు. వేట నిషేధం రోజుల్లో మాత్రం బడి కిటకిటలాడేది. ఇప్పుడు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. అప్పట్లో ఇన్ని రోజులు లేవు. ఊళ్లో బళ్లకు సెలవులిచ్చే వేళకు మా అరుగు నిండేది. ఇంట్లో బియ్యం నిండుకునేదీ అప్పుడేనని నాకు అర్థం కావడానికి రెండు వేసవులు పట్టింది. అప్పటి నుంచి మా ఆవిడ ఉండల సంఖ్య పెంచింది, గట్టితనం తగ్గించకుండా.

* * *

ఇది రాయకుండా దాటేద్దామనుకున్నాను.

ఐదు కట్టలూ మూడూ అన్న మామ్మ మనవడు నాలుగేళ్లు వచ్చాడు. అక్షరాలు కూడా వచ్చాయి. గుణింతం దగ్గర తడబడేవాడు గానీ లెక్కల్లో నన్ను దాటిపోయాడు. ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష దగ్గర పడింది. వరుసగా మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు వచ్చి, ఇచ్చిన లెక్కలు ఒక్కటీ చేయకుండా బల్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను డబుల్ షిఫ్టు చేసి వచ్చాను. స్కేలుతో చేతి మీద కొట్టాను. అంతటితో ఆగలేదు. "మీ నాన్న ఎక్కడ తాగి పడున్నాడో, నువ్వూ అలాగే తయారవుతావు" అన్నాను.

వాడు లేచి, పలక అరుగు మీద బోర్లా పెట్టి వెళ్లిపోయాడు.

వాళ్ల నాన్న పడవ ఇంజను చెడిపోయి నాలుగు రోజులుగా జాడ లేదని అప్పుడు నాకు తెలియదు. వీధిలో అందరికీ తెలుసు. ఆ మర్నాడు కళింగపట్నం దగ్గర ఒడ్డు చేరాడని కబురు వచ్చింది. నేను వాళ్ల ఇంటికి వెళ్లాను. వాళ్లమ్మ టీ ఇచ్చింది, గ్లాసు నా చేతిలో చల్లారింది. కుర్రాడు బోటు మీద పనికి వెళ్లాడంది. అంతకు మించి మాటలు రాలేదు, ఆమెకూ నాకూ.

మామ్మ చేపలు తేవడం మానలేదు. గుమ్మం మీద గీతలు మానలేదు. నెల తర్వాత నేనే ఉండబట్టలేక అడిగాను. కాస్త గంప సర్దుకుంది. "కొట్టారని కాదు బాబూ. చదువు చెప్పేవాళ్లు కొడతారు. అందరి ముందు వాళ్ల నాన్నను అన్నారట" అంది. ఆ రోజు చేపలు తీసుకోలేకపోయాను. తీసుకోకపోతే ఆమె బాధపడుతుందని తీసుకున్నాను. ఎలా వండారో గుర్తులేదు.

ఆ తర్వాత స్కేలు పట్టలేదు. దీన్ని మంచితనం కింద జమ వేసుకోను.

* * *

మేము ఆ ఇంట్లో ఉన్న చివరి ఏడాది హుద్‌హుద్ వచ్చింది. 2014 అక్టోబరు 12. తుపాను వెళ్లాక రోజుల తరబడి కరెంటు లేదు, సెల్‌ఫోన్లు మూగబోయాయి. అటక మీద నుంచి పాత లాంతరు దించి, చిమ్నీని బూడిదతో తోమి అరుగు మీద పెట్టాను, దారిన పోయేవాళ్లకు వెలుగుగా ఉంటుందని. ఏడు గంటలకు పిల్లలు చేరారు. నా దగ్గర చదివినవాళ్ల పిల్లలు. ట్యూషన్ మానేసి అప్పటికి చాలా ఏళ్లయింది. పుస్తకాలన్నీ తడిసిపోయాయి కనుక చదివేందుకు ఏమీ లేవు. ఎక్కాలు చెప్పుకున్నాం. పదమూడో ఎక్కం దగ్గర ఎవరూ ఆగలేదు. వీళ్లకు ఇంగ్లీషులో వచ్చు.

ఇప్పుడు అక్కడ అయిదంతస్తుల భవనం ఉంది. కింద మోటారు సైకిళ్లు నిలిపే చోటు. ఆదివారం సాయంత్రం అమ్మాయిని అడిగి, కారులో పాతూరు వైపు దింపమన్నాను. గుమ్మం కమ్మీ ఏమైందని అడగడానికి కూడా తెలిసినవాళ్లు లేరు. అక్కడి నుంచి ఫిషింగ్ హార్బరుకు నడిచాను. ఎందుకో తెలియదు, కాళ్లకు దారి తెలుసు.

జెట్టీ మీద ఐసు దంచుతున్న చప్పుడు. ఒక మరబోటు మీద నుంచి ఎవరో "మాస్టారూ" అన్నారు. ఆ హార్బరులో మాస్టారు నేనొక్కడినే కానక్కరలేదు, తిరిగి చూడలేదు. మళ్లీ పిలిచారు. తెల్లజుట్టు, బనీను, మెడలో తాడుకు ఫోను. బోటు నడిపే సరంగు. ముఖం పోల్చుకోవడానికి కొంత సేపు పట్టింది, చేతులను పోల్చుకోవడానికి పట్టలేదు.

బాగున్నారా అన్నాడు. బాగున్నానన్నాను. మామ్మ పోయి ఇరవై ఏళ్లు దాటిందన్నాడు. కొడుకు డిప్లొమా చదువుతున్నాడట. ఆ నాటి మాట ఎత్తుదామని నోరు తెరిచాను. "లోపలికి వెళ్లడానికి ఇప్పుడు జీపీఎస్ ఉంది, లెక్క సులువే" అని వాడే ఏదో చెబుతూ కిందికి వంగాడు.

ఐసు పెట్టెలోంచి కానాగంతలు తీశాడు. కాగితం పరిచి వరసగా నాలుగు పెట్టాడు, తలలన్నీ ఒకే వైపు. డబ్బు తీయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. మళ్లీ పెట్టెలో చెయ్యి పెట్టి ఐదోది తీసి, ఆ నాలుగింటి మీదుగా ఏటవాలుగా పడుకోబెట్టాడు. కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు.